అయిదు స్లైడ్ల సెట్టు కొన్నా, ఒక్కటి చాలేది

మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్ బైపీసీ. రికార్డులో సమవిభజన (ఒక కణం రెండు ఒకేలాంటి కణాలుగా విడిపోవడం) బొమ్మలు బాగానే వేస్తుంది కానీ మైక్రోస్కోపులో స్లైడు చూపించి ఏ దశ అంటే తెల్లమొహం వేస్తోంది. సరేనని ఆన్‌లైన్‌లో ఉల్లి వేరు కొన స్లైడ్ల సెట్టు తెప్పించాను, 950 రూపాయలు. అయిదు స్లైడ్లు, ఒక్కోదాని మీద ఒక్కో చీటీ: అంతర్దశ (కణం ఇంకా విడిపోవడం మొదలుపెట్టని దశ), ఆ తర్వాత వరసగా ప్రథమదశ, మధ్యస్థదశ, చలనదశ, అంత్యదశ.

తీరా ‘చలనదశ’ స్లైడు పెట్టి 400 రెట్లలో చూస్తే అందులో అన్ని దశలూ ఉన్నాయి! మిగతా నాలుగూ అంతే. ఒకే రకం వేరు ముక్కలకి చీటీలు మార్చి అంటించారన్నమాట. కోపం వచ్చింది గానీ, అసలు మామూలు వేరులో కణాలన్నీ కూడబలుక్కుని ఒకేసారి విడిపోవు కదా, దేని టైము దానిది, అందుకే ఒక్క స్లైడులోనే అన్నీ దొరుకుతాయి. ఆ ముక్క అమ్మేవాళ్లు చెప్పరు.

రంగు మాత్రం బాగా పట్టింది. మరీ చివర చూడకండి, అక్కడ ఉండేది వేరు తొడుగు. దానికి కాస్త పైన చిన్న చిన్న చదరపు కణాలుంటాయి, అక్కడ వెతకాలి. ఎక్కువ భాగం అంతర్దశలోనే కనిపిస్తాయి, ఎందుకంటే కణం ఎక్కువసేపు గడిపేది అందులోనే. పెళ్లి భోజనాల్లో ఫొటో తీస్తే తినేవాళ్లే ఎక్కువ పడతారు, చెయ్యి కడుక్కునేవాళ్లు ఒకరిద్దరే, అలాగ. చలనదశ దొరికితే మాత్రం పండగే, క్రోమోజోముల్ని నడుం పట్టి లాగితే కాళ్లూ చేతులూ వెనక వేలాడుతున్నట్టు ఉంటుంది. అంత్యదశలో మధ్య నుంచి అంచులకి గోడ కట్టుకోవడం కూడా కనిపించింది. జంతు కణంలా మధ్యలో నొక్కుకుపోవట్లేదేంటి అని మా అమ్మాయి అడిగింది, వృక్ష కణానికి గట్టి గోడ ఉంటుంది మరి.

ఉల్లికి 16 క్రోమోజోములు, లెక్కపెడదామని కూర్చుంటే కుదరలేదు, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. క్రోమోజోముల్ని లాగే స్పిండిల్ పోగులు ఉన్నాయా లేవా అన్నట్టు ఉన్నాయి. ఒక స్లైడులో గాలిబుడగ ఉంది, అమ్మినవాళ్లు ఫొటో పంపమన్నారు, పంపాక మాటా పలుకూ లేదు. ఇంకోటి నేనే పగలగొట్టాను, పెద్ద లెన్సు పెట్టినప్పుడు ఫోకస్ చేసే పెద్ద మర తిప్పకూడదట.

మూడు స్టార్లు. కొంటే విడిగా ఒక్కటే కొనండి. బాగున్న మూడింట్లో రెండు మా అమ్మాయి ఫ్రెండ్స్ పట్టుకెళ్లారు, చీటీలు పీకేసి మరీ.