స్టామ్‌ఫర్డ్‌లో కెమెరాతో: పైకప్పు నుంచి గడప దాకా

ఇంగ్లండ్‌లో లింకన్‌షైర్ దక్షిణపు కొసన, వెల్లండ్ నది ఒడ్డున ఉన్న సంత ఊరు స్టామ్‌ఫర్డ్. ఇక్కడికి వచ్చేవాళ్లు చాలామంది పదకొండు గంటల వేళకి దిగి, పక్కనే ఉన్న బర్లీ హౌస్ అనే పెద్ద పాత భవంతి చూసుకుని, ఎక్కడో టీ తాగి, చీకటి పడకముందే వెళ్లిపోతారు. కెమెరా పట్టుకుని వెళ్లేవాళ్లు మాత్రం అలా చేయొద్దని నా మనవి. ఒక రాత్రి అక్కడే ఉండండి. ఊరంతా సున్నపురాయి. ఏటవాలు ఎండ పడినప్పుడు ఆ రాతి మీద ఉలి గాట్లు ఒక్కొక్కటీ లేచి కనబడతాయి. అదే గోడ మధ్యాహ్నం వేళ చప్పగా ఉంటుంది. పైగా తొమ్మిది దాటితే ప్రతి అందమైన గుమ్మం ముందూ ఒక కారు ఆగి ఉంటుంది. ఆ రాతికి తగిన వెలుగు, ఖాళీ వీధి రెండూ కలిసి దొరికేది తెల్లవారుజామునే.

ఈ ఊరు ఇలా మిగలడానికి కారణం ఉంది. మధ్యయుగాల్లో ఉన్ని వ్యాపారం డబ్బు తెచ్చింది. ఆ తర్వాత లండన్ నుంచి ఉత్తరాదికి వెళ్లే గ్రేట్ నార్త్ రోడ్డు ఊరి మధ్యగా పోవడంతో గుర్రపు బండ్ల రోజుల్లో సత్రాలు కళకళలాడాయి. పద్దెనిమిదో శతాబ్దంలో డబ్బున్నవాళ్లు తమ పాత ఇళ్ల ముఖాలన్నీ కొత్త ఫ్యాషన్‌కి మార్చుకున్నారు. తర్వాత రైలు వచ్చింది, కానీ ఉత్తరాదికి వెళ్లే మెయిన్ లైను పీటర్‌బరో మీదుగా పోయింది. పీటర్‌బరో పెరిగింది, స్టామ్‌ఫర్డ్ అలాగే ఉండిపోయింది. 1960లో బైపాస్ వచ్చి లారీల రద్దీ కూడా ఊరి బయటికి పోయింది. 1967లో ఇంగ్లండ్‌లో కన్జర్వేషన్ ఏరియాలు, అంటే పాత రూపు చెడకుండా కాపాడాల్సిన ప్రాంతాలు, ప్రకటించే చట్టం వస్తే, మొట్టమొదట ఆ గుర్తింపు పొందిన పట్టణం ఇదే. ఈ చిన్న ఊళ్లో చట్టం రక్షణలో ఉన్న కట్టడాలు 600 పైచిలుకు.

లండన్ నుంచైతే కింగ్స్ క్రాస్‌లో ఎక్కి పీటర్‌బరోలో మారాలి. అక్కడి నుంచి పావుగంట ప్రయాణం. నేను లెస్టర్ వైపు నుంచి, మా బావమరిదితో కలిసి వచ్చాను. దిగగానే స్టేషన్ బయటికి పరిగెత్తకండి. 1848 నాటి ఆ స్టేషన్ కట్టడమే మొదటి ఫోటో. చూడ్డానికి ఒక చిన్న జమీందారు బంగళాలా ఉంటుంది. పైన చిన్న బురుజు, దాని మీద గాలివాటం చూపించే రేకు ఉన్నాయి. ఆ రేకులో ఎస్, పీ, ఆర్ అని మూడక్షరాలు తొలిచి ఉన్నాయి. ఈ లైను వేసిన సిస్టన్ అండ్ పీటర్‌బరో రైల్వే పొడి అక్షరాలవి. ఆ కంపెనీ ఎప్పుడో పోయింది. దాని పేరు మాత్రం ఇంకా గాలికి తిరుగుతోంది. 100 ఎంఎం కంటే పెద్ద లెన్సు ఉంటే, వెనక ఆకాశం తేటగా ఉన్నప్పుడు ఆ అక్షరాలు బాగా వస్తాయి.

అక్కడి నుంచి మీ చూపు పైకప్పుల మీదే ఉంచండి. ఈ ఊళ్లో నాకు అన్నింటికన్నా నచ్చినవి అవే. వీటిని కాలీవెస్టన్ స్లేట్లు అంటారు. పేరుకి స్లేటే కానీ, నిజానికి అది పొరలుగా విడిపోయే సున్నపురాయి. మా బావమరిది ఒక వాలు కప్పు కింద నిలబడి, “బావా, ఇది స్లేటు కాదు, మన నాపరాయే” అన్నాడు. మాది బేతంచెర్ల పక్క ఊరు, నాపరాళ్ల మీద పుట్టి పెరిగాం, కాబట్టి వాడి కన్ను తప్పలేదు. మా దగ్గర గనిలో గడ్డపారలు, సమ్మెటలు పెట్టి పలకల్ని లేపుతారు. ఇక్కడ ఆ పని మంచు చేసింది. చలికాలంలో రాతి దిమ్మల్ని తవ్వి తీసి, ఆరుబయట పరిచి, ఆరిపోకుండా నీళ్లు చల్లుతూ ఉండేవారు. రాత్రి మంచుకి పొరల మధ్య నీరు గడ్డకట్టి ఉబ్బేది. అలా కొన్ని రాత్రులు గడిచాక సుత్తితో చిన్న దెబ్బ వేస్తే పలకలుగా విడిపోయేది. చలి సరిగా పడని ఏడాది పని సాగేది కాదు. ఇప్పుడు ఆ చలిని యంత్రాలతో పుట్టిస్తున్నారు.

ఫోటో తీసేటప్పుడు చూడాల్సింది పలకల సైజు. చూరు దగ్గర పెద్ద పలకలు ఉంటాయి, పైకి పోయేకొద్దీ చిన్నవవుతూ నడికొప్పు దగ్గర అరచేయంతే మిగులుతాయి. ఒక్కో పలకకీ బెజ్జం చేసి, చెక్క చీలతో వేలాడదీసేవారు. ఎండ పక్క నుంచి పడితే ప్రతి వరస కిందా సన్నటి నీడగీత పడుతుంది. పాత కప్పులు కాస్త కుంగి ఉంటాయి కాబట్టి ఆ గీతలు వంకరగా పోతాయి. ఆ వంకరే ఫోటోకి ప్రాణం. వాన వెలిసిన పది నిమిషాల్లో ఇంకా బాగుంటుంది, రాయి తేనెరంగుకి తిరుగుతుంది.

తర్వాత గోడలు. సెయింట్ మేరీస్ స్ట్రీట్, సెయింట్ పాల్స్ స్ట్రీట్, బార్న్ హిల్‌లలో ముందు నుంచి చూస్తే అన్నీ పద్దెనిమిదో శతాబ్దపు ఇళ్లే. చక్కగా చెక్కిన రాళ్లు, కొలత తప్పని కిటికీలు. కానీ పక్క సందులోకి రెండడుగులు వేసి చూడండి. ఆ రాతి ముఖం వెనక కర్ర దూలాలతో కట్టిన పాత ఇల్లు బయటపడుతుంది. మేడ గది కింది గోడ కన్నా ముందుకు పొడుచుకుని వచ్చి ఉంటుంది. రాయీ కర్రా కలిసే ఆ మూలని ఒకే ఫ్రేములో పట్టుకోవడమే ఇక్కడ నేను చేసిన అసలు పని. దూరం నుంచి తీసిన వీధి దృశ్యాలు అందరి దగ్గరా ఉంటాయి, ఈ మూలలు ఉండవు.

సెయింట్ మేరీస్ హిల్ మీద అంగళ్ల మధ్య పన్నెండో శతాబ్దపు నార్మన్ కమాను ఒకటి ఉంది. దాని కింద నుంచి సన్నటి దారి. సామాన్లు కొనుక్కునేవాళ్లు దాన్ని చూడకుండానే దాటిపోతుంటే నాకు ప్రాణం ఉసూరుమంది. ఎనిమిది వందల ఏళ్లు దాటిన రాయి అది! కమాను లోపలి అంచుని దగ్గరగా తీయండి.

మూసేసిన కిటికీలు చాలా కనబడతాయి. కిటికీల పన్ను తప్పించుకోవడానికే మూశారని గైడ్లందరూ చెబుతారు. 1696 నుంచి 1851 దాకా అలాంటి పన్ను ఉన్న మాట నిజమే. అయితే మూసిన ప్రతి కిటికీ పన్ను కోసం మూసింది కాదు. లోపల గోడో పొగగూడో అడ్డొచ్చిన చోట, బయటికి వరస చెడకుండా కట్టినప్పుడే ఉత్తుత్తి కిటికీ పెట్టేవారు. రాళ్ల అతుకు చూస్తే కొంత తేడా తెలుస్తుంది. తర్వాత మూసినదైతే లోపలి రాయి వేరే రంగులో, చుట్టూ అతుకు విడిగా ఉంటుంది. కిందికి చూస్తే గుమ్మాల పక్కన బూట్ల బురద గీక్కునే ఇనప పట్టీలు. ఒక్కో ఇంటిది ఒక్కో అచ్చు. వీటికి ఫోనే చాలు. మోకాళ్ల మీద కూర్చుని పట్టీ ఎత్తులోనే తీయాలి. అవి జనం కాపురముండే ఇళ్ల గుమ్మాలు కాబట్టి, ఎవరైనా తలుపు తీస్తే నవ్వుతూ ఏం తీస్తున్నారో చెప్పండి. ఒక పెద్దావిడ మమ్మల్ని లోపలికి పిలిచి, వెనక పెరట్లోంచి తన కప్పు చూపించింది.

చర్చిలు అయిదు మిగిలాయి, మధ్యయుగాలవి. అన్నీ ఒకే శ్రద్ధతో చూసే ఓపిక నాకు లేదు, మూడింటి గురించి చెబుతాను. రెడ్ లయన్ స్క్వేర్‌లోని ఆల్ సెయింట్స్ చర్చికి బయటి గోడ చుట్టూ పదమూడో శతాబ్దపు ఉత్తుత్తి కమానుల వరస ఉంది. బస్సు ఎక్కేవాళ్లు, బండి ఆపుకునేవాళ్లు దాని ముందే తిరుగుతుంటారు. లోపల నేల మీద బ్రౌన్ అనే ఉన్ని వర్తకుల కుటుంబానిది ఇత్తడి రేకు ఉంది. బొమ్మలో ఆ వర్తకుడు ఉన్ని మూటల మీద కాళ్లు పెట్టి నిలబడ్డాడు. సంపద ఎక్కణ్నుంచి వచ్చిందో దాచుకోలేదు. దానికి పక్క వెలుగు కావాలి, ఫ్లాష్ వేస్తే మెరుపు తప్ప గీత కనబడదు. అదే చౌకులో సెయింట్ జాన్స్ చర్చి ఉంది. అందులో ఇప్పుడు మామూలు ప్రార్థనలు లేవు, చర్చెస్ కన్జర్వేషన్ ట్రస్ట్ చూసుకుంటోంది. పైకప్పు దూలాలకి చెక్కిన దేవదూతలున్నారు. మబ్బు పట్టిన రోజు ఇక్కడికి రండి, లోపల వెలుగు సమంగా ఉంటుంది.

నదికి అవతలి సెయింట్ మార్టిన్స్‌లో ఒకటో ఎలిజబెత్ మంత్రి విలియం సెసిల్ సమాధి ఉంది. ఆయన 1598లో చనిపోయారు. సమాధి ఘనంగానే ఉంది, కానీ నేను ఎక్కువసేపు గడిపింది స్మశానంలో. 335 కిలోల బరువుతో పేరుపొందిన డానియల్ లాంబర్ట్ 1809లో ఈ ఊరు వచ్చి, బస చేసిన సత్రంలోనే ప్రాణం విడిచాడు. శవపేటికను బయటికి తీయడానికి కిటికీ, దాని పక్క గోడ పగలగొట్టాల్సి వచ్చింది. పేటికకి చక్రాలు బిగించి తోసుకుంటూ తెచ్చారు. ఆయన సమాధి రాయి అసలైన స్లేటు. రెండు వందల ఏళ్లు దాటినా అక్షరాలు నిన్న చెక్కినట్టు పదునుగా ఉన్నాయి. చుట్టూ ఉన్న సున్నపురాయి సమాధుల మీద అక్షరాలు కరిగిపోయాయి. ఈ రెండు రాళ్ల తేడా చూపించే ఫోటో తీసుకోండి.

పేద వృద్ధుల కోసం కట్టిన సత్రాలు ఈ ఊరికి ప్రత్యేకం. వీటిని ఇక్కడివాళ్లు క్యాలిస్ అంటారు. ఉన్ని వర్తకులు వ్యాపారం చేసిన, ఫ్రాన్స్‌లోని క్యాలే రేవు పేరు అలా అంటుకుందని చెబుతారు. అన్నింటిలో పెద్దది బ్రాడ్ స్ట్రీట్‌లో విలియం బ్రౌన్ పదిహేనో శతాబ్దంలో కట్టించిన బ్రౌన్స్ హాస్పిటల్. హాస్పిటల్ అంటే ఇక్కడ వైద్యశాల కాదు, సత్రమే. ఇప్పటికీ అందులో వృద్ధులు ఉంటున్నారు. ప్రార్థన గదిలో ఆనాటి రంగుటద్దాలు ఉన్నాయి. లోపల చూడాలంటే ముందుగా కనుక్కుని వెళ్లడం మేలు. ఇళ్ల కిటికీల్లోకి లెన్సు తిప్పడం మర్యాద కాదు, తోట వైపు తలుపులు, పొగగొట్టాలు చాలు.

సెయింట్ పాల్స్ స్ట్రీట్‌లో బ్రేజనోస్ (అంటే ఇత్తడి ముక్కు) గేటు మీది ఇత్తడి తల తప్పక చూడండి. 1333లో ఆక్స్‌ఫర్డ్ నుంచి అలిగి వచ్చిన కొందరు విద్యార్థులు, గురువులు ఇక్కడ బడి పెట్టబోయారు. రాజు ఊరుకోలేదు, వాళ్లని వెనక్కి పంపేశారు. తలుపు కొట్టే ఆ ఇత్తడి తల మాత్రం ఇక్కడే ఉండిపోయింది. 1890లో ఆక్స్‌ఫర్డ్‌లోని బ్రేజనోస్ కాలేజీ దాన్ని దక్కించుకోవడానికి ఏకంగా ఇల్లే కొనేసింది. ఇప్పుడు గేటుకి ఉన్నది నకలు. అయినా ఆ కమాను పాతదే.

జార్జ్ హోటల్ గురించి అందరూ చెబుతారు, చెప్పదగిందే. రోడ్డుకి అడ్డంగా, రెండు వైపులా ఆనుకుని వేసిన పెద్ద దూలం దాని సైన్‌బోర్డు. లోపలికి అడుగుపెట్టగానే అటొకటి ఇటొకటి తలుపులు, ఒకదాని మీద లండన్, మరోదాని మీద యార్క్ అని రాసి ఉంటుంది. అటు వెళ్లే బండ్ల ప్రయాణికులు ఒక గదిలో, ఇటు వెళ్లేవాళ్లు మరో గదిలో కూర్చునేవారు. రోజుకి నలభై బండ్లు ఆగిన చోటు అది. గది అద్దె మా స్తోమతకి ఎక్కువ. కాఫీ తాగి కూర్చుంటే ఆ తలుపులు తీరిగ్గా చూడొచ్చు. కట్టడం తూర్పు ముఖంగా ఉంటుంది కాబట్టి బయట నుంచి తీయడానికి పొద్దుటి పూటే వెలుగు.

మేం ఊరి నడుమ ఒక పబ్ పైన గదిలో దిగాం. మెట్లు నిటారుగా, ఇరుగ్గా ఉన్నాయి. పెద్దవాళ్లతో వెళ్తే ముందే అడిగి కింది అంతస్తు తీసుకోండి. వైఫై అంతంతమాత్రం. టిఫిను ఎనిమిదిన్నర దాకా లేదు. ఫోటోలకి వెళ్లేవాళ్లకి అది పెద్ద చిక్కు, ముందు రాత్రే బ్రెడ్డూ పండ్లూ కొనిపెట్టుకున్నాం. కానీ కిటికీ తెరిస్తే ఎదురుగా కప్పుల వరసలు. ఆ ఒక్కదానికే డబ్బులు గిట్టాయి. పీటర్‌బరోలో హోటళ్లు చాలా చవక. అక్కడుండి తొలి రైలు పట్టుకున్నా చలికాలంలో సూర్యోదయం అందుతుంది, ఎండాకాలంలో అందదు. శాకాహారులకి పబ్బుల్లో రెండు మూడు రకాలకి మించి దొరకలేదు. బావమరిది లెస్టర్ నుంచి తెచ్చిన పులిహోర ఏటి పక్క పచ్చిక మైదానంలో బెంచీ మీద తిన్నాం. కారుంటే స్టేషన్ దగ్గరి క్యాటిల్ మార్కెట్ పార్కింగులో పెట్టుకోండి, ఊళ్లో వెతకడం దండగ.

శుక్రవారం బ్రాడ్ స్ట్రీట్‌లో సంత. గుడారాలు ఇళ్ల కింది భాగాన్ని కప్పేస్తాయి, కాబట్టి కట్టడాలే కావాలనుకుంటే ఆ రోజు వద్దు. నాకైతే సంత రోజే నచ్చింది. అంగళ్ల గుడ్డల పైన తేలుతున్నట్టు కనబడే చర్చి శిఖరాలు వేరే రోజు దొరకవు. సూర్యుడు ఎక్కువ ఎత్తుకు లేవని నవంబరు, ఫిబ్రవరి ఈ రాతికి మంచి నెలలు. ఆ రోజుల్లో బర్లీ హౌస్ లోపలికి వెళ్లడం కుదరదు. దాని పార్కులో మాత్రం తిరగొచ్చు. కెమెరా పని మీద వచ్చినవాళ్లకి అది లోటనిపించదు. మిగిలిన పూట కాలీవెస్టన్ గ్రామానికి ఇవ్వండి. అయిదు కిలోమీటర్లే. రాయి పుట్టిన ఊళ్లో ఆ కప్పుల్ని ఇంకా దగ్గరగా చూడొచ్చు.