మూడు పనులకీ ఒకటే బట్ట: రెండేళ్ళు వాడాక నా ట్రైసూట్ సంగతి

ముందే చెప్పేస్తున్నా, ఇది గెలిచేవాళ్ళ కోసం రాస్తున్నది కాదు. రేసు గడువు ఇంకో అరగంటలో ముగుస్తుందనగా కాళ్ళీడ్చుకుంటూ గీత దాటే నాలాంటి వాళ్ళ కోసం. నాకు నలభై రెండేళ్ళు. ఇద్దరు పిల్లలు. విశాఖలో హైస్కూలు లెక్కల టీచర్ని. పొద్దున్న నాలుగున్నరకి లేస్తే ఏడింటి దాకా టైము నాది, ఆ తర్వాత ఇంటిదీ బడిదీ.

ట్రైసూట్ అంటే తెలియని వాళ్ళకి ఒక్క ముక్క. ట్రయాథ్లాన్‌లో ముందు ఈత, వెంటనే సైకిలు, ఆ వెంటనే పరుగు. మధ్యలో గడియారం ఆగదు. బట్టలు మార్చుకున్న టైము కూడా మన లెక్కలోనే పడుతుంది. అందుకని నీళ్ళలో దిగేటప్పుడు వేసుకున్నదే సైకిలెక్కేటప్పుడూ, పరిగెత్తేటప్పుడూ ఒంటి మీద ఉండేలా కుట్టిన బిగుతు బట్ట ఇది. భుజాల నుంచి తొడల మధ్య దాకా ఒకటే ముక్కగా ఉంటే వన్ పీస్, పైదీ కిందదీ విడిగా ఉంటే టూ పీస్.

నేను కొన్నది వన్ పీస్. నలుపు, స్లీవ్‌లెస్, జిప్పు ముందువైపు. ఆన్‌లైన్లో 6,800 రూపాయలు. కంపెనీ పేరు రాయను. ఇదే కోత, ఇదే కుట్టు నాలుగైదు పేర్లతో తిరుగుతోంది, పేరు చెప్పినా చెప్పకపోయినా మీకు దొరికేది ఇంచుమించు ఇదే. మా ఆయన బిల్లు చూసి, "మీటరు గుడ్డ కూడా లేదు, పట్టుచీర రేటు" అన్నారు. పట్టుచీర కట్టుకుని భీమిలి దాకా సైకిలు తొక్కి చూపించమన్నాను.

సైజు దగ్గరే మొదటి తప్పు చేశాను. ఛాతీ, నడుము, తుంటి కొలతలు టేపు పెట్టి కొలిచి, పట్టికలో చూసి ఎల్ తెప్పించాను. మూడూ సరిగ్గా సరిపోయాయి. కానీ వేసుకుని నిటారుగా నిలబడితే భుజాలు రెండూ కిందకి లాగేస్తున్నాయి, ఎవరో వెనకనుంచి సంచీ తగిలించినట్టు. వన్ పీస్‌కి అసలైన కొలత భుజం మీద నుంచి కాళ్ళ సందు దాకా ఉండే పొడవు. ఆ పట్టికలో అది లేనే లేదు. మా ఇంటావంటా కాళ్ళు పొట్టి, నడుం పొడుగు. సైకిలు మీద ముందుకి వంగినప్పుడు మాత్రం ఆ లాగుడు మాయమైపోతుంది. ఈ సూట్లు కోసేదే వంగిన ఒంటికి. కాబట్టి అద్దం ముందు నిలబడి బాలేదనుకోకండి, కుర్చీ మీద కూర్చుని ముందుకి వంగి చూడండి. అప్పటికీ భుజం నొక్కుతుంటే మాత్రం పై సైజు తీసుకోండి.

కొంచెం లూజు చేయించుకుందామని మా వీధి చివర టైలర్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన కుట్టు తిరగేసి, గోరుతో గీసి, "ఇది మామూలు మిషను మీద పడదమ్మా, ఫ్లాట్‌లాక్ కుట్టు. నేను కుట్టేనంటే మీరు సాగదీసేసరికి దారం టప్పుమంటాది" అని తిరిగి ఇచ్చేశాడు. నిజమే. లోపల చెయ్యి పెట్టి తడిమితే కుట్టు ఎత్తు తగలదు, రెండు అంచులూ పక్కపక్కన పరిచి కుట్టినట్టుంటుంది. ఐదారు గంటలు ఒంటికి రాసుకునే బట్టకి ఆ చదును ప్రాణం. డబ్బు దేనికి పెట్టామయ్యా అంటే సగం ఈ కుట్టుకే.

మొదటిసారి వేసుకుని దిగింది రుషికొండ బీచ్‌లో. ఇంటి నుంచి పైన ఒక లూజు టీషర్టూ, ట్రాక్ ప్యాంటూ వేసుకుని వెళ్ళి, ఇసకలో అవి విప్పేసి నీళ్ళ వైపు నడిచాను. బజ్జీల బండి పెట్టుకునే ఆవిడ నన్ను చూసి గాభరాగా, "అమ్మా, పైబట్టలు మర్సిపోనావేటి?" అంది. ఆవిడ దగ్గరే ఆ బట్టలు పెట్టి వెళ్ళాను. ఇప్పుడు ప్రతి ఆదివారం నా సంచీకి కాపలా ఆవిడే. నలుపు ఎంచుకున్నందుకు ఆ రోజే సంతోషించాను. మాతో వచ్చే ఒకమ్మాయి లేత రంగు సూటు తెచ్చుకుంది, తడిస్తే లోపల ఏముందో లోకానికంతా తెలుస్తోంది. కొనే ముందు ఒక మూల తడిపి, వెలుతురుకి పట్టి చూడండి. సిగ్గుపడేదేం లేదు.

నీళ్ళలో బట్ట బాగుంది. ఒంటికి అంటుకుని ఉంటుంది, నీరు లోపల చేరి బుడగలా ఉబ్బదు. కానీ ముందు జిప్పు పైకొస కప్పే చిన్న గుడ్డ మడత ఉండాలి చూశారా, అది నా సూటుకి లేదు. ఊపిరి కోసం తల పక్కకి తిప్పినప్పుడల్లా ఆ లోహపు కొస గొంతు కింద గీసుకుంటుంది. కొలనులో అర కిలోమీటరు చేస్తే తెలియదు. సముద్రంలో రెండు కిలోమీటర్లు చేసి ఇంటికొచ్చి, తలమీంచి గోరువెచ్చని నీళ్ళు పోసుకుంటే తెలిసింది. గొంతు కింద ఒకటి, చంకల దగ్గర రెండు, లోపల వేసుకున్న స్పోర్ట్స్ బ్రా పట్టీ వెంబడి ఒకటి, నాలుగు చోట్లా పచ్చిపుండు మీద కారం చల్లినట్టయింది. బాత్రూములోంచి నా కేక విని మా చిన్నాడు తలుపు కొట్టాడు.

కొబ్బరినూనె రాసి చూశాను, పావుగంటలో నీళ్ళలో కలిసిపోయింది. పెట్రోలియం జెల్లీ దట్టంగా పట్టిస్తే నిలిచింది. జిప్పు కొసకి మెత్తటి క్లాత్ ప్లాస్టర్ చుట్టాను, పది రూపాయల పని. 6,800 పెట్టిన వస్తువుకి ఆ పది రూపాయల పని నేను చెయ్యాల్సి రావడమే నా ఫిర్యాదు.

జేబుల సంగతి విడిగా చెప్పుకోవాలి. నడుం వెనక రెండు చిన్న జేబులున్నాయి. సైకిలు మీద తినడానికి, శక్తినిచ్చే జెల్ ప్యాకెట్లు పెట్టుకోమని. ఒక్కో జెల్ 100 రూపాయల పైమాటే, పైగా దగ్గుమందులా ఉంటుంది. నాకేమో పల్లీ చిక్కీ చాలు కదా అనిపించింది. ప్రాక్టీసు రోజున ఒక ముక్క పాలిథిన్ కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుని నీళ్ళలో దిగాను. నలభై నిమిషాలు ఈది, ఒడ్డుకొచ్చి, సైకిలెక్కి, కొంతదూరం పోయాక జేబులో చెయ్యి పెట్టాను. పల్లీలు పల్లీలుగా, బెల్లం బెల్లంగా విడిపోయాయి. పాకం నడుం మీదుగా కారి సీటు దాకా వెళ్ళింది. ఈగలు భీమిలి దాకా తోడొచ్చాయి. ఆ మరక ఇప్పటికీ ఎడమ జేబు కింద ఉంది. తప్పు సూటుది కాదు, నాది. ఆ జేబులు ఈత అయ్యాక నింపుకోవడానికి. ఇప్పుడు ఖర్జూరం గింజ తీసేసి డబ్బాలో పెట్టి సైకిలుకే కట్టుకుంటున్నాను.

ఇక సీటు దగ్గర కుట్టిన మెత్త. మామూలు సైకిలు నిక్కర్లలో మెత్త దళసరిగా ఉంటుంది, దాంతో ఈదితే నీళ్ళు పీల్చి చంటిపిల్లాడి తడి లంగోటీలా బరువెక్కుతుంది, పరిగెడితే కాళ్ళ మధ్య అడ్డం. అందుకని ట్రైసూట్లో మెత్త పల్చగా పెడతారు. నాదాంట్లో అయితే మడత పెట్టిన చేతిరుమాలంత. తడి త్వరగా ఆరుతుంది, పరుగులో ఉందన్న సంగతే తెలియదు. 40 కిలోమీటర్ల దాకా సైకిలు మీదా హాయి. రుషికొండ ఎత్తూ, తొట్లకొండ ఎత్తూ ఎక్కి దిగి, భీమిలి రెండుసార్లు వెళ్ళొస్తే మాత్రం కూర్చునే ఎముకలు రెండూ ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపించగలను. ఒలింపిక్ దూరం, అంటే 1.5 కిలోమీటర్ల ఈత, 40 సైకిలు, 10 పరుగు చేసేవాళ్ళకి ఈ మెత్తతో గొడవే లేదు. దాన్ని మించితే ముందు మంచి సీటు కొనుక్కోండి, సూటు తర్వాత.

గోవాలో దీన్ని అసలు పరీక్షకి పెట్టాను. ఐరన్‌మ్యాన్ 70.3 అనే ట్రయాథ్లాన్ పోటీ మనదేశంలో మొదటిసారి 2019 అక్టోబరులో గోవాలోనే జరిగింది. మిరామార్ బీచ్‌లో ఈత 1.9 కిలోమీటర్లు, సైకిలు 90, పరుగు 21.1. 70.3 అంటే ఈ మూడూ కలిపిన మైళ్ళు. పిల్లలకి యూనిట్లు మార్చే లెక్క చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు. అక్కడి సముద్రం వెచ్చన. నీళ్ళు 24.5 డిగ్రీలు దాటితే, చలి ఆపే రబ్బరు వెట్‌సూట్ వేసుకున్నవాళ్ళకి బహుమతి అర్హత ఉండదు, మరీ వెచ్చనైతే అసలు వేసుకోనివ్వరు. చలిదేశాల్లో వెట్‌సూట్ కింద దాక్కునే ట్రైసూట్ మన దగ్గర నేరుగా సముద్రంలోకి దిగుతుంది. కాబట్టి చలిదేశాల వాళ్ళు రాసిన రివ్యూలు ఈత విషయంలో మనకి పెద్దగా పనికిరావు.

నా లెక్క ఇదీ. ఈత 58 నిమిషాలు, గడువు గంటా పది. సైకిలు 3 గంటల 50 నిమిషాలు. పరుగు 2 గంటల 58. మధ్య మార్పులు, ఈత నుంచి సైకిలుకి 9 నిమిషాలు, సైకిలు నుంచి పరుగుకి 11. మొత్తం 8 గంటల 6 నిమిషాలు, గడువు ఎనిమిదిన్నర గంటలు.

ఆ 11 నిమిషాలు ఎందుకయ్యాయో ఏ మగ రివ్యూలోనూ ఉండదు. సైకిలు దిగాక టాయిలెట్‌కి వెళ్ళాల్సొచ్చింది. మగవాళ్ళకి ఇంత తిప్పలుండవు. మనం ఆ ఇరుకు ప్లాస్టిక్ గదిలో నిలబడి, రేసు నంబరు తగిలించుకునే బెల్టు తీసి, జిప్పు కిందకి లాగి, ఒక్కో భుజమూ వదిలించుకుని, మొత్తం సూటు మోకాళ్ళ దాకా దింపాలి. పొడిగా ఉంటే పర్వాలేదు. నాలుగు గంటల చెమటా ఉప్పూ పట్టిన బట్ట పెనానికి అంటుకున్న అట్టులా ఊడి రాదు. తియ్యడం ఒక ఎత్తయితే మళ్ళీ ఎక్కించడం పది ఎత్తులు. భుజం పట్టీ మెలిపడింది, మోచెయ్యి గోడకి కొట్టుకుంది, బయట ఎవరో తలుపు బాదుతున్నారు. ఆ గదిలో నాకు ఆరేడు నిమిషాలు పోయాయి. వన్ పీస్ వేసుకుంటే గాలి అడ్డు తగ్గి నిమిషాలు మిగులుతాయని రాస్తారు. గంటకి 23, 24 కిలోమీటర్లు తొక్కే నాకు మిగిలేది ఎంతో తెలియదు గానీ, పోయింది మాత్రం లెక్క తేలింది.

ఇంకో మాట, ఆడవాళ్ళకి. ఒక ప్రాక్టీసు రేసు సరిగ్గా నెలసరి రెండో రోజున పడింది. ఈ మెత్త మీద ప్యాడ్ నిలవదు, నీళ్ళలో అసలే కుదరదు. మెన్‌స్ట్రువల్ కప్పు వాడటం అలవాటైతేనే ఈ సూటుతో బతకగలం. రేసు ముందు రోజు మొదలుపెట్టకండి, మూడు నెలల ముందే నేర్చుకోండి. నాకు మూడో నెలకి గాని కుదరలేదు.

ఉతకడం గురించి. ఈ బట్టని చంపేది సముద్రం కాదు, కొలను క్లోరిన్. సాగే దారాన్ని అది తినేస్తుంది. అందుకే నేను కొలనుకి మామూలు స్విమ్ సూటే వేసుకుంటాను, ఇది సముద్రానికీ రేసులకీ మాత్రమే. రాగానే మంచినీళ్ళలో జాడించి, నీడలో ఆరెయ్యాలి. మిషను, బ్రష్షు, వాసన లిక్విడ్లు, ఇస్త్రీ, ఏవీ పనికిరావు. మా అత్తయ్యగారికి చెప్పడం మర్చిపోయి బడికి వెళ్ళిన రోజున ఆవిడ దీన్ని డాబా మీద, మిట్టమధ్యాహ్నం ఎండలో, రెండు భుజాలకీ క్లిప్పులు పెట్టి ఆరేశారు. సాయంత్రం దాకా మర్చిపోయి, చీకట్లో బట్టలు తియ్యడానికెళ్ళి, తలకాయ లేని మనిషి వేలాడుతున్నాడని కిందకి పరుగెత్తుకొచ్చారు. ఆ ఒక్క ఎండకే తొడ దగ్గర అంచు పైకి జారకుండా పట్టే సిలికాన్ పట్టీ పట్టు తగ్గింది. అంతకు ముందు అది తొడ చుట్టూ ఎర్రటి గాజు తొడిగినట్టు గీత వేసేది. చెప్పకూడదు గానీ ఇప్పుడే బాగుంది.

ఎవరు కొనాలి? స్ప్రింట్ (ఒలింపిక్‌లో సగం), ఒలింపిక్ దూరాలు చేసే మగవాళ్ళు, గంటన్నర నుంచి మూడు గంటల్లో పని ముగించేవాళ్ళు, వన్ పీస్ నిశ్చింతగా కొనుక్కోవచ్చు. జిప్పు కొస కప్పే మడత ఉందో లేదో చూడండి. 70.3కి దిగే ఆడవాళ్ళు టూ పీస్ చూడండి, పై ముక్కకి అంచున పట్టు బాగుండాలి, లేకపోతే నీళ్ళలో చంకల్లోకి పాకుతుంది. మొట్టమొదటి రేసుకైతే ఏదీ వద్దు. కొలను సూటు మీద సైకిలు నిక్కరు లాక్కుని పొండి. బట్టలు మార్చుకోవడానికి అయ్యే మూడు నిమిషాల వల్ల ప్రాణం పోదు. రేసు నచ్చితే అప్పుడు డబ్బు పెట్టండి.

ఐదుకి నా మార్కులు మూడు. కుట్టుకీ, నీళ్ళలో తీరుకీ నాలుగు ఇచ్చేదాన్ని. జిప్పు కొసకి ఒకటి కోశాను. టాయిలెట్ గదిలో నిమిషాలు కోతలోకి తీసుకోలేదు, తీసుకుంటే సున్నా కిందకి పోతుంది.

నేను టూ పీస్ ఆర్డరు పెట్టేశాను, వచ్చే వారం వస్తుందట. పాతది ఎవరైనా అమ్మాయి వాడుకుంటానంటే ఊరికే ఇస్తాను. సైజు ఎల్, నడుం పొట్టిగా ఉన్నవాళ్ళకి సరిపోతుంది, ఎడమ జేబు కింద చిక్కీ మరక ఉంది.