నెలకు ఇరవై వేల పెసోలతో నడిచే ఇల్లు: బస్తా బియ్యమా, చిల్లర సరుకా?

ఫిలిప్పీన్స్‌లోని దవావోలో వైద్యం చదువుకున్న రోజుల్లో మూడేళ్లపాటు ఒక ఫిలిప్పినో కుటుంబం ఇంటి మేడ మీద అద్దెకు ఉన్నాను. ఇంటావిడను వీధంతా పిలిచినట్టే నేనూ ‘ఆతే’ అనేదాన్ని, అంటే అక్క. ఆమె నన్ను ‘డాక్’ అనేది, అప్పటికి నాకు సూది పట్టుకోవడం కూడా సరిగా రాదు. ఆమె భర్త అరటిపళ్ల ప్యాకింగ్ షెడ్డులో కూలీ. ముగ్గురు పిల్లలు. ఆయన కూలి డబ్బులూ మేడ మీద మా అద్దెలూ కలిపితే నెలకు దాదాపు ఇరవై వేల పెసోలు. పెసో మన రూపాయిన్నరకు కాస్త అటూ ఇటూ. అయిదుగురున్న ఇంటికి 2023లో అక్కడి ప్రభుత్వం గీసిన పేదరికపు గీత నెలకు 13,873 పెసోలు. ఆ ఇల్లు గీతకు పైనే ఉంది, కానీ ఒక్క విషజ్వరం వస్తే కిందికి జారేంత దగ్గర్లో.

సంక్రాంతి వెళ్లగానే ఏడాది బియ్యం ఇంట్లో వేసుకునే ఊరి నుంచి వెళ్లినదాన్ని. ఆతే సరుకు కొనే తీరు చూస్తే ప్రాణం ఉసూరుమనేది. ఉదయం కిలో బియ్యం, చిన్న ప్లాస్టిక్ సంచిలో ముడేసిన నూనె, ఒక్క కాఫీ పొట్లం, ఒక్క వెల్లుల్లి గడ్డ. అన్నీ సందు చివరి సారీ-సారీ కొట్టులోనే. కొట్టంటే ఎవరో ఇంటి కిటికీకి ఇనుప కమ్ములు బిగించి తెరిచిన అంగడి. ఇలా విడివిడిగా కొనడాన్ని వాళ్లు టింగీ అంటారు. మొత్తంగా కొంటే మిగులుతుంది కదా అని నేను, మిగలదు అని ఆమె. ఒక నెల పద్దు రాసి తేల్చుకుందామనుకున్నాం.

ముందు బియ్యం. అయిదుగురికి నెలకు యాభై కిలోలు కావాలి, మూడు పూటలా అన్నమే. బస్తాగా కొంటే కిలోకు రెండు మూడు పెసోలు తగ్గేది. నెలకు నూరు నుంచి నూట యాభై. మరీ గొప్ప లాభమేమీ కాదు, పైగా ఆ ఉక్కలో మూడో వారానికి పురుగు పట్టేది. అసలు చిక్కు వేరే ఉంది. బస్తా దిగడం వీధంతా చూస్తుంది. మర్నాడు ఆడపడుచు గిన్నె పట్టుకుని వస్తుంది. లేదనడానికి మొహం చెల్లదు. ‘నా దగ్గర కిలోనే ఉంటే కిలో సంగతి నాకు తెలుసు, బస్తా ఉంటే అది అందరిదీ’ అని ఆతే అన్న మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. (బియ్యం ధర అక్కడ ఓట్ల విషయం కూడా. కిలో ఇరవై పెసోలకు తెస్తామన్నది 2022 ఎన్నికల మాట, ఆ ధరకు అమ్మకాలు సెబూ దీవిలో మొదలైంది 2025 మేలో. కిలో రెండు రూపాయల బియ్యాన్ని చూసిన మనకు అందులో వింతేమీ కనిపించదు.)

నూనె దగ్గర నేను గెలిచాననుకున్నాను. చిన్న పొట్లాలన్నీ కూడితే సీసా నూనె కంటే దాదాపు మూడో వంతు ఎక్కువ పడింది. ఆతే ఒప్పుకుని మరుసటి నెల రెండు లీటర్ల సీసా కొంది. పదిహేడో తారీఖుకల్లా ఖాళీ. రోజూ చేపల వేపుడే మరి! పొట్లం విప్పితే ఆ పూటకు అంతే, సీసా ఉంటే చెయ్యి ఆగదు. పిల్లలు సరేసరి. షాంపూ, సబ్బుపొడి సంగతీ ఇంతే కాబట్టి వాటి గురించి పొడిగించను.

కూరగాయలకూ చేపలకూ వాదనే లేదు, ఏ రోజుకారోజు కొనాల్సిందే. ఆతే వారానికి మూడుసార్లు జీప్నీ (అక్కడి షేర్ బండి) ఎక్కి బంకెరోహన్ బజారుకు వెళ్లేది. అక్కడ ఆమెకు చేపలమ్మే ‘సూకి’ ఉంది. వాడుక మనిషి అన్నమాట, తూకం అయ్యాక ఒక చిన్న చేప కొసరు వేస్తుంది. పేదవాడి చేప అని పేరున్న గలుంగోంగ్ కూడా ఈ మధ్య పేదవాడికి అందడం లేదు. అందని రోజున తూటికూర, శుక్రవారం పెసల పులుసు. పెరట్లో మునగచెట్టు, దాన్ని వాళ్లు మలుంగాయ్ అంటారు. పప్పులో మునగాకు నేను దూసి వేస్తుంటే ఆతే నా వైపు కొత్తగా చూసింది, ఇది మీకూ తెలుసా అన్నట్టు.

టింగీ మీద నాకు నిజంగా కోపం వచ్చింది మందుల దగ్గర. మందుల దుకాణాల్లో మాత్రలు విడిగా ఇస్తారు. ఆతే అత్తగారికి రక్తపోటు. చేతిలో డబ్బున్న రోజున నాలుగు మాత్రలు, లేని రోజున లేదు. పెద్దవాడికి గొంతు నొప్పి వస్తే ఏడు రోజులకు ఇరవై ఒక్క క్యాప్సూళ్లు రాశారు, కొన్నవి ఆరు. జ్వరం తగ్గగానే ఆపేశారు. ఇందులో బేరం లేదు, మందు నెలకు సరిపడా ఒకేసారి కొనుక్కోవాలి. రక్తపోటు మాత్రలు బరంగై (అంటే వార్డు) ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు, స్టాకు ఉన్న రోజు చూసుకుని వెళ్లాలి అంతే. అత్తగారిని నేనే తీసుకెళ్లి పేరు రాయించాను. ఆ మూడేళ్లలో నేను చేసిన అసలు వైద్యం అదేనేమో.

ఇక చిల్లర కొనుగోలుకు కనిపించని ఖరీదు అప్పు. కొట్టులో ‘లిస్టా’ అనే పద్దు పుస్తకం ఉంటుంది, చేతిలో పైసా లేకపోయినా సరుకు వస్తుంది. అది నిండితే ఫైవ్-సిక్స్: అయిదు తీసుకుంటే ఆరు కట్టాలి, రోజువారీ వసూలు. మోటారుసైకిలు మీద వచ్చి ఈ అప్పులిచ్చేవాళ్లలో పంజాబీలు ఎక్కువ. అక్కడ భారతీయులను ‘బుంబై’ అంటారు. అందుకే సందులో పిల్లలు మమ్మల్ని చూసి ‘బుంబై! ఫైవ్-సిక్స్!’ అని అరిచేవారు, మేమే ఆతేకు బాకీ ఉన్న నెలల్లో కూడా. దానికంటే పలువాగన్ ఎంతో నయం. పదిమంది నెలకు వెయ్యి చొప్పున వేసుకుని వంతులవారీగా పదివేలు తీసుకుంటారు. మన చీటీలాంటిదే, పాట మాత్రం ఉండదు, కాబట్టి ఎవరికీ కోత పడదు. బడులు తెరిచే జూన్ వంతు కోసం ఆతే చూపే పట్టుదల చూడాలి! డిసెంబరు 24 లోపు యజమానులు ఇవ్వవలసిన పదమూడో నెల జీతం వస్తే ఆమె ముందుగా కొట్టేయించేది లిస్టాలో తన పేరు. ఆ క్రమం సరైనదే.

రాజధాని మనీలాలో ఉండుంటే ఈ లెక్కంతా వేరు. 2025 జూలైలో అక్కడ కనీస కూలి రోజుకు 695 పెసోలైంది, నెలకు ఇరవై ఆరు రోజులు చేస్తే 18,070. దవావో కంటే ఎక్కువే, కానీ సొంత ఇల్లు, పెరటి మునగచెట్టు ఉండవు.

చివరికి బస్తా గొడవ తేల్చింది నేనూ కాదు, ఆతే కూడా కాదు, జీతం. అక్కడ జీతాలు నెలకు రెండుసార్లు ఇస్తారు, పదిహేనున ఒకటి, నెలాఖరున ఒకటి. నెల బస్తా మన నెల జీతపు ఆలోచన. ఇరవై అయిదు కిలోల అర బస్తా పదిహేను రోజులకు సరిగ్గా సరిపోతుంది, పురుగు పట్టే వ్యవధి ఉండదు, జీతం చేతిలో పడ్డ రోజే కొనేస్తే మిగతా ఖర్చులు దాన్ని తినేయలేవు. గ్యాసు, కరెంటు బిల్లు కూడా ఆ రోజే. ఆడపడుచు సంగతి కూడా ఆతే చూసుకుంది. పదిహేనో తారీఖు చీకటి పడ్డాక ట్రైసికిల్ వెనక నుంచి అర బస్తా దింపుకుని, మేడ మెట్ల కింద మా పాత వైద్య పుస్తకాల అట్టపెట్టెలో పెట్టి, పైన మా తువ్వాలు ఒకటి కప్పింది. నూనె మాత్రం మర్నాడు పొద్దున్నే, ఎప్పటిలాగే, ఒక్క పొట్లం.