ముందు భాగాన్ని లేపే లిఫ్టా, వాలు తగ్గించిన ర్యాంపా?

గోదావరి డెల్టాలో వరద నీటికి జంకి ఇళ్ల పునాదులను వీధికన్నా ఎత్తుగా లేపుతారు కనుక, గేటు ముందరి ర్యాంపు చాలాచోట్ల నిటారుగా ఉంటుంది. నేలకు బాగా దగ్గరగా ఉండే స్పోర్ట్స్ కారుకు అసలు పరీక్ష అక్కడే.

పోర్షే 911లో అదనపు ధరకు లభించే లిఫ్ట్ వ్యవస్థ కారు ముందు భాగాన్ని సుమారు 40 మిల్లీమీటర్లు పైకెత్తుతుంది. దాని గొప్ప సుగుణం, భీమవరం వీధుల్లోనైనా రాజమహేంద్రవరం స్పీడ్ బ్రేకర్ల మీదనైనా అది కారుతోపాటే ఉండటం. రహదారులకు ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రకారం గుండ్రని స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. ఆ కొలతలు పాటించకుండా వీధుల్లో ఎదురయ్యే ఇరుకైన, కోసుగా లేచిన గడ్డలే బంపర్లను గీరుతాయి. అయితే లిఫ్ట్ లేపేది ముందు వైపునే కాబట్టి, ర్యాంపు ముగిసి నేల సమమయ్యే అంచు వద్ద చక్రాల నడుమ అడుగుభాగం తగిలే ప్రమాదం పూర్తిగా తొలగదు.

ఆ అంచును గుండ్రంగా మలిచి, వాలును ప్రహరీ లోపలికి పొడిగిస్తే ఆ చిక్కు తీరుతుంది. వీధివైపు పొడిగించడం మాత్రం తగదు. కాలువ మూసుకుపోయి వాననీరు ఇరుగుపొరుగు ఇళ్లలోకి చేరుతుంది. సొంత ఇల్లు, లోపల చాలినంత స్థలం ఉన్నవారు ముందు ర్యాంపునే సరిచేయించుకోవాలని నా అభిప్రాయం. అద్దె ఇంట్లో ఉన్నవారికి లిఫ్టే తగినది.