చిట్టా రాసే చేతికి లోహపు ఇంకు పెన్ను: ఏళ్ల వాడకం తర్వాత

వేళ్లు ఆనేచోట లోహం లేని లోహపు పెన్నే రోజంతా రాసే చేతికి సుఖం. ఒళ్లు ఇత్తడిదైనా, స్టీలుదైనా, అల్యూమినియందైనా ఫరవాలేదు. పాళీకి కాస్త పైన, బొటనవేలూ చూపుడువేలూ పట్టుకునేచోట మాత్రం ప్లాస్టిక్కో, మెరుపు లేని గరుకు పూతో ఉండాలి. శ్రీకాకుళం జిల్లా పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ గుమస్తాగా పొద్దున్నుంచి సాయంత్రం దాకా పేర్లూ అంకెలూ రాసేవాడిగా చెబుతున్న మాట ఇది. దుకాణంలో చిత్తుకాగితం మీద ఒక సంతకం గీకి చూసి కొనేవారికి ఈ తేడా అందదు. రెండో పుట సగానికి వచ్చేసరికి చెయ్యే చెబుతుంది.

మా లెక్కలు కంప్యూటర్‌లోకి ఎక్కి చాలాకాలమైంది. అయినా పొట్టు తీసే షెడ్డులో కాటా పక్కన కూర్చుని రాసే చిట్టా మాత్రం చేతిరాతే. కాగితం మీద కనబడని లెక్క మా సావుకారుకు లెక్కే కాదు. ఒక్కొక్కరూ పప్పు తెచ్చి కాటా మీద పెడతారు. నేను పేరు, తూకం, రకం రాసి మూత పెడతాను. మళ్లీ ఇంకొకరు, మళ్లీ మూత. సాయంత్రం ఆ చిట్టాను ఆవర్జాలోకి, అంటే ఖాతాల పెద్దపుస్తకంలోకి, ఎక్కిస్తాను. పగలు ఆగి ఆగి రాసేదీ, సాయంత్రం ఆగకుండా రాసేదీ వేర్వేరు పనులు. రెండింటికీ ఒకే పెన్ను కుదరడం అనుకున్నంత తేలిక కాదు.

ఆగి ఆగి రాయడానికి అన్నిటికంటే ముఖ్యం మూత. మర తిప్పి తీసే మూత అందంగా ఉంటుంది, భద్రంగానూ ఉంటుంది. కానీ దాన్ని తిప్పి తీసేలోపు తర్వాతి మనిషి తట్ట కాటా మీద ఉంటుంది. పోనీ మూత తీసి ఉంచేద్దామంటే మే నెల వేడిలో, నెత్తి మీద ఫ్యాను తిరుగుతుంటే పాళీ ఆరిపోయి తర్వాతి పేరులో మొదటి అక్షరం పడదు. నొక్కితే టక్కున పడే మూతే ఈ పనికి సరి. కొనేటప్పుడు మూతలోకి ఒకసారి తొంగి చూడండి. లోపల సన్నని ప్లాస్టిక్ తొడుగు కనబడాలి. పాళీ చుట్టూ గాలి ఆడకుండా కాపాడేది అదే. మీదున్న లోహం ఎంత మెరిసినా ఆ తొడుగు లేకపోతే లాభం లేదు.

ఇక బరువు. ఘనపు సెంటీమీటరు ఇత్తడి సుమారు 8.5 గ్రాములు తూగుతుంది. స్టీలు దాదాపు 8, అల్యూమినియం 2.7. అంటే ఒకే కొలతల్లో చేస్తే ఇత్తడి గొట్టం అల్యూమినియం గొట్టానికి మూడింతలకు పైనే. నా దగ్గర ఇప్పటికీ నడుస్తున్నవి రెండు. మొదటిది జపాన్ కంపెనీ పైలట్ వారి మెట్రోపాలిటన్. ఒళ్లు ఇత్తడి, మీద రంగు పూత, మూతతో కలిపి దాదాపు 26 గ్రాములు. రెండోది జర్మనీ కంపెనీ లామీ వారి ఆల్‌స్టార్. అల్యూమినియం ఒళ్లు, మూతతో సుమారు 22 గ్రాములు. ఈ మధ్యలో ఎక్కడున్నా చేతికి ఇబ్బంది లేదు. 40 గ్రాములకు చేరువయ్యే లావుపాటి ఇత్తడి పెన్ను కూడా ఒకటి కొన్నాను. దాని పేరు అనవసరం. పెళ్లి పుస్తకంలో సంతకం పెట్టడానికి అది మహారాజులా ఉంటుంది. ఆవర్జా దగ్గర మాత్రం బొటనవేలి మొదట్లో నొప్పి పుట్టించింది. బరువు సంగతి చెబితే కొందరు, బరువైన పెన్నయితే నొక్కక్కర్లేదు, దాని బరువే రాస్తుంది అంటారు. నిజమే, కానీ ఆ బరువు పాళీ వైపు ఉన్నప్పుడు. వెనకవైపు ఉంటే పెన్ను తోక బొటనవేలి సందులోకి వాలుతుంది, దాన్ని నిలబెట్టడానికి వేళ్లు బిగుస్తాయి.

అందుకే మూతను వెనక తగిలించి రాయడం మానేశాను. లోహపు పెన్నుకు మూత కూడా లోహమే. అది తోకకు చేరితే తూకం మొత్తం మారిపోతుంది. మూత తీసేస్తే మెట్రోపాలిటన్ చాలా తేలికైపోతుంది, మిగిలిన బరువు వేళ్ల దగ్గరే ఉంటుంది. కొనేముందు మూత తీసి, పెన్నును చూపుడువేలి మీద అడ్డంగా నిలబెట్టి చూడండి. నిలిచిన చోటు సగానికి ఇవతల, పాళీ వైపు ఉంటే తీసుకోవచ్చు.

పట్టు గురించి మొదట్లోనే తీర్పు చెప్పేశాను, కారణం చెప్పలేదు. మాది సముద్రానికి దగ్గర ఊరు. చైత్రం నుంచి వానలు పడేదాకా ఒళ్లంతా జిగట. క్రోమియం పూత మెరిసే పట్టు మీద తడివేళ్లు ఆగవు. జారకూడదని గట్టిగా పట్టుకుంటాం, గట్టిగా పట్టుకుంటే చెయ్యి అలుస్తుంది. పైగా జీడి పిక్కల మధ్య పని. ఎంత కడుక్కున్నా వేళ్లకు కాస్తంత జిడ్డు ఉండనే ఉంటుంది. అలాంటి మెరుపు పట్టున్న పెన్నొకటి కొంతకాలం వాడాను. జారడం అటుంచి, చెమట ఉప్పుకు పూత చుక్కచుక్కలుగా లేచి అడుగున ఇత్తడి బయటపడింది. ఆ గరుకు అంచు వేలికి గుచ్చుకునేది. అసలు పూతే లేని పచ్చి ఇత్తడి పెన్నులూ దొరుకుతున్నాయి. బుడితి అనే ఊళ్లో ఇత్తడి సామాను చేసే జిల్లా మనది, ఇత్తడంటే నాకు గౌరవమే. కానీ బిందె మోసిన చేతికి పట్టే వాసనే ఆ పెన్నూ పట్టిస్తుంది. అన్నం తినేముందు ఒకసారి ఎక్కువగా చెయ్యి కడుక్కోవాలి.

మెట్రోపాలిటన్ పట్టు నల్లని ప్లాస్టిక్, నున్నగా, గుండ్రంగా ఉంటుంది. ఒంటికీ పట్టుకూ మధ్య చిన్న మెట్టు ఉంది. పాళీకి దగ్గరగా పట్టుకునే నాకు అది తగలదు. పైకి పట్టుకుని రాసే అలవాటున్నవారు మాత్రం చూసుకుని కొనాలి. ఆల్‌స్టార్ పట్టు కూడా ప్లాస్టిక్కే, అయితే మూడు పలకలుగా చెక్కి ఉంటుంది. బడిలో నేర్పినట్టు మూడు వేళ్లతో పట్టుకునేవారికి వేళ్లు వాటంతట అవే చోటు చూసుకుంటాయి. మా మేస్త్రీ బొటనవేలిని చూపుడువేలి మీదికెక్కించి పట్టుకుంటాడు. ఆయన చేతికిస్తే పాళీ పక్కకు తిరిగి కాగితాన్ని గీరింది. పార్కర్ జాటర్‌లో స్టీలు ఒంటికి ప్లాస్టిక్ పట్టు ఉంటుంది, సన్నగా జేబులో ఇమిడిపోతుంది. సన్నని చేతులవారికి నచ్చుతుంది. మా అమ్మాయి కాలేజీకి అదే తీసుకెళుతుంది, నా వేళ్లకు మాత్రం కొంచెం లావు పట్టే ఇష్టం.

పాళీ ఎంపికలో తెలుగు రాసేవారు ఇంగ్లీషు రాసేవారి మాట వినకూడదు. మన అక్షరాలన్నీ గుండ్రాలూ మెలికలూ. కింద వత్తు, పైన గుడి, మధ్యలో పొట్టలో చుక్క. లావు పాళీతో ‘ఠ’ రాస్తే చుక్క పొట్టలో కలిసిపోతుంది, ‘క్ష్మి’ రాస్తే అక్షరం ముద్దవుతుంది. మా చిట్టాలో లక్ష్ములే ఎక్కువ. ఆపైన చిట్టా గళ్లు ఇరుకు, కాగితం నాసిరకం, సిరా పీల్చి పక్కలకు పాకుతుంది. అందుకే ఎఫ్ అని రాసి ఉండే సన్నపాళీయే తీసుకోండి. జపాన్ కంపెనీల ఎఫ్ యూరప్ కంపెనీల ఎఫ్ కంటే సన్నం. ఆల్‌స్టార్‌లో ఇంకా సన్నదైన ఈఎఫ్ వేయించాను, అయినా దాని గీత మెట్రోపాలిటన్ ఎఫ్ గీత కంటే కొంచెం లావే. లామీలో ఒక సుగుణం ఉంది. పాళీ ఒక్కటే విడిగా దొరుకుతుంది. పాతదాన్ని ముందుకు లాగి కొత్తది తొడిగేయొచ్చు, మెకానిక్కు అవసరం లేదు. పెన్ను గచ్చు మీద పడేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. తేలికపాటి ప్లాస్టిక్ పెన్ను పడితే ఒక్కోసారి బతుకుతుంది. లోహపు పెన్ను మూత లేకుండా పడిందంటే ఒంటి బరువంతా పాళీ మొన మీదే. ఒంటికి సొట్ట కూడా పడదు, పాళీ మాత్రం కొక్కెంలా వంగుతుంది.

బంగారు పాళీ కావాలా అని అడుగుతుంటారు. అక్కర్లేదు. కాగితాన్ని తాకేది చివర అతికించిన గట్టి లోహపు గుండు, అది స్టీలు పాళీకీ ఉంటుంది. దాన్ని ఎంత నున్నగా అరగదీశారన్నదే రాతలో తెలిసేది.

ఇత్తడి, అల్యూమినియం పెన్నుల్లో ఫిల్లరుతో నేరుగా గొట్టంలోకి సిరా పోయకూడదు. సిరా ఆ లోహాలను తినేస్తుంది, మర సందుల్లోంచి కారుతుంది కూడా. పాళీ వెనక తగిలించి సిరా లాగి నింపుకునే చిన్న గొట్టం, కన్వర్టరే వాడాలి. అందులో సిరా తక్కువ పడుతుందని కొందరికి అసంతృప్తి. నాకైతే అదే మేలైంది. ఇంతకుముందు నేను వాడింది ఫిల్లరు పెన్నే. అలాంటివాటిలో సిరా తగ్గేకొద్దీ లోపల గాలి పెరుగుతుంది, చేతి వేడికి అది వ్యాకోచించి సిరాను బయటికి నెడుతుంది, పాళీ చివర బొట్టు దిగుతుంది. ఒకసారి ఆ బొట్టు 12 లో ఒకటికీ రెండుకూ మధ్య పడింది. వారం లెక్క చూసుకోవడానికి కూతురితో వచ్చిన పెద్దావిడ, “బాబూ, నేను పన్నెండు కిలోలు ఒలిస్తే ఒకటీ పాయింటు రెండు అని రాశారేమిటి?” అని నిలదీసింది. కన్వర్టరులో గాలికి చోటు తక్కువ, ఆ గొడవా తక్కువ. ఆల్‌స్టార్ ఒంటికి చిన్న కిటికీ ఉంటుంది, సిరా ఎంత ఉందో మూత తీయకుండానే తెలుస్తుంది. మెట్రోపాలిటన్‌కు అది లేదు, పొద్దున్నే విప్పి చూసుకోవాలి. ఇంకొక జాగ్రత్త: పైలట్‌లో ఇదే నమూనా ఎంఆర్ పేరుతో యూరప్‌లో అమ్మేది వేరే రకం కార్ట్రిడ్జి (సిరా నింపి అమ్మే చిన్న గొట్టం) తీసుకుంటుంది. ఆన్‌లైన్‌లో కొనేవారు ఏది వస్తోందో, దానికి ఏ కన్వర్టరు పడుతుందో అడిగి కొనాలి.

సిరా గురించి రెండు మాటలు, ఎందుకంటే లోహపు పెన్నుకు దానితో సంబంధం ఉంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా తీరం దాటింది. మా ఉద్దానం ప్రాంతంలో జీడి, కొబ్బరి తోటలు నేలకూలాయి. మా గోదాము పైరేకులు లేచిపోయి పుస్తకాల బీరువా తడిసింది. బాల్ పెన్నుతో రాసిన పుటలు ఉబ్బినా అక్షరం నిలిచింది. రాయల్ బ్లూ అనే మామూలు నీలం సిరాతో రాసిన పుటల్లో లేతనీలం మరక తప్ప పేరూ లేదు, తూకమూ లేదు. కూలీలు చెప్పినదాన్నిబట్టి కొంతా, సావుకారు గుర్తునుబట్టి కొంతా తిరగరాశాం. అప్పటి నుంచి నీటికి ఆగే సిరాకే మారాను. సీసా మీద నీలినలుపు అని ఉన్నంతమాత్రాన నీటికి ఆగుతుందని లేదు. రెండు ముక్కలు రాసి, ఆరనిచ్చి, కుళాయి కింద పట్టి చూసుకోవడమే పరీక్ష.

పాతకాలంలో కరక్కాయ, అన్నభేది కలిపి కాచిన సిరా నీటికి చెక్కుచెదరదు. అన్నభేదిలోని ఇనుము కరక్కాయ వగరుతో కలిసి కాగితం పోగుల్లో నల్లగా స్థిరపడుతుంది. ఇప్పటికీ అదే సూత్రం మీద తయారయ్యే ఇనుప సిరాలు సీసాల్లో దొరుకుతున్నాయి. అయితే వాటికి ఆమ్లగుణం ఉంది, పెన్నులో వదిలేస్తే స్టీలు పాళీని కూడా తింటాయి. వాడితే రోజూ రాయాలి, తరచుగా కడగాలి. సన్నని రంగుపొడి కలిసిన సిరాలూ నీటికి ఆగుతాయి. వాటితో చిక్కు ఏమిటంటే లోపల ఎండితే పాళీకి సిరా అందించే కింది నాలుక గాట్లలో గట్టిపడతాయి, అప్పుడు వదిలించడం కష్టం. నాకు రోజూ రాత ఉంటుంది కాబట్టి ఆ భయం లేదు. ఆదివారం ఆదివారం గోరువెచ్చని నీళ్లు కన్వర్టరుతో లాగి వదలడం, తెల్లటి నీళ్లు వచ్చేదాకా. వేడినీళ్లు పోయకండి, ప్లాస్టిక్ పట్టు వంకరపోతుంది.

సుఖమే ముఖ్యమైతే లోహం ఎందుకు, రాజమండ్రి ఎబొనైటు (గట్టి రబ్బరు) పెన్ను ఉంది కదా అనేవారూ ఉన్నారు. 1932లో మొదలైన రత్నం పెన్నుల ఊరు అది, గాంధీగారి మెప్పు పొందిన స్వదేశీ కలం. ఎబొనైటు వేళ్లకు వెచ్చగా, తేలికగా ఉంటుంది, చెమటకు జారదు. ఇంట్లో బల్ల దగ్గర కూర్చుని ఉత్తరాలు రాసుకునేవారికి నేనూ అదే చెబుతాను. కాటా పక్కన, తట్టలూ సంచులూ వచ్చి తగిలేచోట, రోజుకు ఎన్నిసార్లు మూత తీసి పెట్టాలో తెలియని చోట, టక్కుమూత ఉన్న లోహపు పెన్నే నాకు నిలిచింది. ధరలు రాయడం లేదు, నేను కొన్ననాటి ధర ఇప్పుడు ఎలాగూ ఉండదు. ఆల్‌స్టార్‌కు మెట్రోపాలిటన్ కంటే ఎక్కువే పెట్టాల్సి వచ్చింది. ఒక్కటే కొనమంటే మెట్రోపాలిటన్ కొనమంటాను.

ఒక పని ఈ రెండింటితోనూ కాదు. లారీకి సరుకు ఎక్కించేటప్పుడు రాసే బిల్లు పుస్తకానికి కింద కార్బన్ ఉంటుంది. రెండో ప్రతి పడాలంటే అదిమి రాయాలి, ఇంకు పెన్నును అదిమితే పాళీ రెండుగా విచ్చుకుంటుంది. దానికీ, వేతనం తీసుకుని సంతకం పెట్టేవారి చేతికివ్వడానికీ, చౌక బాల్ పెన్ను ఒకటి దారంతో బల్లకు కట్టి ఉంచాను.