ప్లే కన్సోల్ స్టేజ్డ్ రోలౌట్: ఏడాదిన్నర వాడినాక చెప్తున్నా

ప్లే కన్సోల్ అంటే యాప్‌లు చేసేవాళ్ళు ప్లే స్టోర్‌కి యాప్ ఎక్కించే గూగుల్ సైటు. అందులో స్టేజ్డ్ రోలౌట్ అంటే అప్‌డేట్‌ని ముందు కొద్దిమందికే పంపి, మెల్లగా శాతం పెంచుకుంటా పోవడం. మాది నెల్లూరు, మాగుంట లేఅవుట్‌లో చిన్న ఆఫీసు, నలుగురం. రొయ్యల రైతులకి యాప్ చేస్తాం, ఏ గుంటకి ఏ పూట ఎంత మేత ఏసినారు, చెక్ ట్రేలో (మేత తిన్నాయో లేదో చూసే పళ్ళెంలో) ఎంత మిగిలింది, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) ఎంతకొచ్చింది, ఇయ్యన్నీ రాసుకునేదానికి. ఇందుకూరుపేట, ముత్తుకూరు, అల్లూరు సైడు వాళ్ళే ఎక్కువ, మొత్తం ఓ 1,800 మంది.

ముందు మూణ్ణెల్లకొక రిలీజ్ ఇచ్చేవాళ్ళం, పనంతా మూటగట్టి ఒక్కసారే అందరికీ. ఒకసారి మేత టోటల్ రెండింతలు చూపించే బగ్ పోయింది, తప్పు మాదే, తెల్లారి ఆరింటికి మొదటి మేత టైముకి ఫోన్లు మొదలు. ఆ రిలీజ్‌లో 40 మార్పులు, ఏది చెడగొట్టిందో కనుక్కునేలోపే మధ్యాహ్నం అయింది. సాగులో అన్నిటికన్నా పెద్ద ఖర్చు మేతే, ఆ లెక్కే తప్పు చూపిస్తే రైతు మళ్ళీ ఎట్టా నమ్ముతాడు?

అప్పుడు మొదలుపెట్టినాం ఈ స్టేజ్డ్ రోలౌట్‌ని. ఇప్పుడు ప్రతి మంగళవారం రిలీజ్, రెండు మూడు మార్పులు మించవు. ముందు 5 శాతం, రెండ్రోజులాగి 20, తర్వాత 50, ఆ తర్వాతే అందరికీ. ఏదన్నా తేడా అనిపిస్తే హాల్ట్ నొక్కితే కొత్తవాళ్ళకి పోవడం ఆగిపోతాది. ఈ ఒక్క బటన్ కోసమే నేను దీన్ని మెచ్చుకుంటా, నిజంగా.

కానీ తెలుసుకోవాల్సినవి ఉన్నాయి. హాల్ట్ చేస్తే వెనక్కి రాదు, అప్పటికే ఎక్కించుకున్నవాళ్ళ దగ్గర ఆ పాడు వెర్షనే ఉంటాది, వెర్షన్ కోడ్ (వెర్షన్‌కి లోపలుండే నంబరు) పెంచి ఇంకో బిల్డ్ పంపాల్సిందే, దానికి మళ్ళీ గూగుల్ రివ్యూ. అందుకే కొత్త ఫీచర్ ప్రతిదానికీ ఫైర్‌బేస్ రిమోట్ కాన్ఫిగ్‌లో (యాప్ సెట్టింగులు దూరం నుంచే మార్చే గూగుల్ సర్వీసు) ఒక స్విచ్ పెట్టుకున్నాం, గొడవైతే యాప్ మార్చకుండానే ఆపేస్తాం. 5 శాతంలో ఎవరొస్తారో మన చేతిలో లేదు, దేశం ఎంచుకోవచ్చు గానీ జిల్లా ఎంచుకోలేం.

ఇంకోటి, మాలాంటి చిన్న యాప్‌కి 5 శాతం అంటే 90 మంది. గుంటల కాడ వైఫై ఎక్కడిది, మొదటిరోజు అప్‌డేట్ అయ్యేది అందులో కొందరికే, మేం రెండ్రోజులు ఆగేది అందుకే. క్రాష్ రేటు (ఎంత శాతం మందికి యాప్ ఆగిపోయిందో) 1.09 శాతం దాటితే కన్సోల్‌లో యాప్ ఆరోగ్యం చూపించే వైటల్స్‌లో చెడ్డ యాప్ కింద లెక్క, 90 మందిలో ఒక్కడికి క్రాషయినా అది దాటినట్టే, కాబట్టి ఆ శాతం చూసి మాలాంటోళ్ళు ఏమీ తేల్చలేం. పైగా మేత టోటల్ తప్పొస్తే యాప్ క్రాష్ కాదు కదా, కన్సోల్‌కి అంతా బాగానే కనిపిస్తాది. అందుకని ప్రతి బుధవారం కొత్త వెర్షన్ పోయిన రైతులకి ఐదారుగురికి ఫోన్ చేసి నిన్నటి మేత ఎంత చూపిస్తోందన్నా అని అడుగుతాం, దీన్ని మించిన టెస్టింగ్ నాకు కనపడలా. రిలీజ్ చిన్నది కాబట్టి ఏదన్నా తేడా చెప్పినా ఏ లైన్లో ఉందో పది నిమిషాల్లో తెలిసిపోతాది.

ఖర్చంటారా, డెవలపర్ అకౌంట్‌కి ఒకేసారి కట్టే 25 డాలర్లే, దీనికి వేరేగా ఏం లేదు. వెనక్కి తెచ్చే దారి లేదు గనక ఒక స్టార్ తగ్గించి 4 ఇస్తున్నా.

కొత్తగా యాప్ పెట్టేవాళ్ళకి, మొట్టమొదటి రిలీజ్‌కి ఈ శాతాలు రావు, అప్‌డేట్లకే. దానికి ఇంటర్నల్ టెస్టింగ్ (మనం ఎంచుకున్నవాళ్ళకే యాప్ పంపే దారి) వాడుకోండి, 100 మంది దాకా చేర్చుకోవచ్చు. మేం ముత్తుకూరు రైతులు పదిమందిని చేర్చుకున్నాం, ఇప్పటికీ ప్రతి బిల్డూ ముందు వాళ్ళ ఫోన్లకే పోతాది.