తిండి డైరీలో తిండి కాని గడులు

రెండు వందల పేజీల లాంగ్ నోటుబుక్కులు రెండు నిండాయి, మూడోది సగంలో ఆగింది. మొదటిదాని అట్ట మీద పసుపు మరక, రెండోదాని మధ్యలో ఎండిపోయిన కరివేపాకు రెబ్బ. మలబద్ధకం రకం ఐబీఎస్‌తో (పేగు పనితీరు చెడి కడుపు నొప్పి, విరేచనం ఇబ్బంది తెచ్చే దీర్ఘకాలిక సమస్య) బతుకుతూ, ఏ తిండి నాకు పడదో తేల్చుకోవడానికి 2023 జనవరి నుంచి రెండున్నరేళ్లు రాసిన లెక్క అది. నోటుబుక్కు వెల డెబ్బై రూపాయలు. ఇంత చవకైన సాధనం మరొకటి నాకు తెలియదు. మొదటి అయిదు నెలలూ నన్ను ఇంతగా పక్కదారి పట్టించినదీ లేదు.

నాకు నలభై మూడేళ్లు. ఇల్లు విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో, పాఠాలు చెప్పే కాలేజీ గాజువాక అవతల. వారానికి రెండు మూడుసార్లే విరేచనం, అదీ మేక పెంటికల్లా. పొత్తికడుపులో ఎడమ పక్కన మెలిపెట్టే నొప్పి. సాయంత్రానికి చీర కుచ్చిళ్లు వదులు చేసుకోవాల్సినంత ఉబ్బరం. డాక్టరు థైరాయిడ్, రక్త పరీక్షలు చేయించి, మూడు నెలలుగా వారానికి ఒకరోజైనా నొప్పి వస్తోందా, విరేచనమయ్యాక ఆ నొప్పిలో తేడా ఉంటోందా అని అడిగి, ఐబీఎస్ అని తేల్చారు. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ ఉండటం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా డైరీ పక్కన పెట్టి ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి.

డైరీ ఆలోచన నాకు కార్తీక మాసం ఇచ్చింది. మా ఇంట్లో కార్తీకం నెల రోజులూ ఉల్లి, వెల్లుల్లి గడప దాటి లోపలికి రావు. 2022లో ఆ నెలంతా సాయంత్రపు ఉబ్బరం సగానికి సగం తగ్గింది. మార్గశిరం రాగానే మళ్లీ మొదలు. అత్తయ్య అది ఉపవాసాల మహిమ అన్నారు. నేను ఉల్లిపాయను అనుమానించాను. తర్వాత తెలిసింది, ఇద్దరిలో ఎవరిదీ పూర్తి నిజం కాదని.

మొదట రాసుకున్న పద్ధతి అందరూ చేసేదే: తేదీ, తిన్నది, బాధ. కడుపు నొచ్చిన ప్రతిసారీ దానికి ముందు తిన్నదాని పక్కన ఎర్ర సిరాతో చుక్క. ఫిబ్రవరిలో పెరుగుకు చుక్క పడింది, మార్చిలో వంకాయకు, ఏప్రిల్ నాటికి ఇడ్లీకీ అన్నానికీ కూడా. ఎర్రచుక్క పడినవి ఇరవై ఏడు. ఒక్కొక్కటే మానేస్తూ వచ్చాను. నాలుగు కిలోలు తగ్గాను, మలబద్ధకం ముదిరింది. లోపలికి వెళ్లేదే తక్కువైతే బయటికి వచ్చేది ఏముంటుంది? "ఇక గాలి కూడా రాసెయ్యమ్మా" అన్నారు అత్తయ్య.

జూన్‌లో ఒక డైటీషియన్ ఆ పుస్తకం తిరగేసి, "విరేచనం గడి ఏదీ?" అని అడిగారు. లేదు. సిగ్గుపడి రాయలేదు. ఇంట్లో పుస్తకం ఎవరైనా తెరుస్తారని.

ఈ సమీక్షలో నేను గట్టిగా చెప్పదలచిన విషయం ఇక్కడే ఉంది. విరేచనాల రకం ఐబీఎస్ ఉన్నవాళ్లకు తిన్నదానికీ బాధకూ మధ్య దూరం తక్కువ కావచ్చు. మలబద్ధకం రకంలో అలా కాదు. తిన్నది బయటికి రావడానికి మూడు రోజులు దాటవచ్చు. ఈలోగా పేగులో పాతది నిలవ ఉంటే, దాని మీద ఏది తిన్నా ఉబ్బరమే. నేను చేసింది ట్రాఫిక్ మొత్తం ఆగిపోయిన రోడ్డులో చివర వచ్చి నిలబడిన ఆటోవాడిని తిట్టడం లాంటిది. ముందు దారి తెరుచుకోవాలి. ఆ తర్వాతే ఏ బండి అడ్డం పడిందో కనిపిస్తుంది.

అప్పటి నుంచి గడులు పెంచాను: మలం రకం, వేసుకున్న మాత్రలు, నిద్ర, నెలసరి, నడక. మలం రకానికి బ్రిస్టల్ పట్టిక అంకెలు వేసుకున్నాను. ఇంగ్లండులోని బ్రిస్టల్ ఆసుపత్రి వైద్యులు చేసిన పట్టిక అది. 1 అంటే విడివిడి గట్టి ఉండలు, 4 అంటే నునుపుగా సాఫీగా వచ్చేది, 7 అంటే నీళ్లు. అంకె వేయడంలో సిగ్గు లేదు. ఎవరు తెరిచినా అర్థం కాదు.

మాత్రల గడి నెల తిరక్కుండానే ఫలితం చూపింది. ఎముకల కోసం ఎప్పటి నుంచో వేసుకుంటున్న కాల్షియం మాత్ర కూడా పేగును బిగిస్తుందట. డాక్టరుకు చూపిస్తే మార్చారు. ఇసబ్గోల్ చెంచాడుతో మొదలుపెట్టి రెండు వారాల్లో పెంచమన్నారు, ప్రతిసారీ నిండు గ్లాసు నీళ్లతో. నీళ్లు తక్కువైతే అదే అడ్డుగా మారుతుంది, ఇది అనుభవించి చెబుతున్నాను. అంతకుముందు పీచు మంచిదని ఎవరో చెబితే గోధుమ తవుడు తిని నెల రోజులు అవస్థపడ్డాను. నీటిలో జిగురుగా మారే పీచు వేరు, గరుకుగా ఉండే తవుడు వేరు. ఐబీఎస్‌కు నిపుణులు చెప్పేది మొదటిదే. మూడు వారాలకు 1, 2 పోయి 3, 4 అంకెలు కనిపించాయి. ఒక్క కూర కూడా మానకుండానే ఉబ్బరం చాలావరకు తగ్గింది. ఇరవై ఏడు ఎర్రచుక్కల్లో ఇరవై ఆ రోజే కొట్టేశాను.

మిగిలిన ఏడింటికి ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం వాళ్లు తయారు చేసిన ఫాడ్‌మ్యాప్ పద్ధతి. ఫాడ్‌మ్యాప్‌లంటే చిన్నపేగు సరిగా పీల్చుకోలేని కొన్ని పిండిపదార్థాలు. అవి పెద్దపేగులోకి వెళ్లి, అక్కడి సూక్ష్మజీవుల చేతిలో పులిసి గ్యాస్ అవుతాయి. ఈ గ్యాస్ అందరికీ పుడుతుంది, నాలాంటి పేగుకు అది నొప్పిగా తెలుస్తుంది. రెండు నుంచి ఆరు వారాలు అవన్నీ ఆపి, తర్వాత ఒక్కొక్కటే కొంచెం కొంచెం పెంచుతూ పరీక్షించాలి. జీవితాంతం ఆపమని ఆ పద్ధతిలో ఎక్కడా లేదు. చాలామంది మొదటి మెట్టు మీదే కూర్చుండిపోతారు.

ఆంధ్రా వంటింట్లో ఆ నెల రోజులు గడపడం మాటలు కాదు. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, కందిపప్పు, శనగలు, పాలు అన్నీ పక్కకు పోతే మిగిలేది అన్నం, చోడి (రాగి) అంబలి, బీరకాయ, పొట్లకాయ, చేప. ఉల్లిపాయ లేని చేపల పులుసు తిన్న రోజు మావారు ఏమీ అనలేదు. ఆ మౌనాన్ని కూడా రాసి పెట్టుకున్నాను.

మూడో వారంలో మళ్లీ ఉబ్బరం. ఏమీ తప్పు తినలేదే అని కుమిలిపోతుంటే అత్తయ్య బయటపెట్టారు: చారులో రోజూ నాలుగు వెల్లుల్లి రెబ్బలు చితక్కొట్టి వేస్తున్నారట, దించేముందు తీసేస్తున్నారట. "నీ కంచంలోకి ఒక్క రెబ్బ రాలేదు కదమ్మా! వెల్లుల్లి లేని చారు చారేనా?" ఆమె తప్పేమీ లేదు. వెల్లుల్లిలో బాధపెట్టే ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థాలు నీటిలో కరుగుతాయి, నూనెలో కరగవు. రెబ్బ తీసేసినా చారు నిండా అవే ఉంటాయి. అదే నూనెలో వేయించి రెబ్బలు తీసేస్తే వాసన మిగులుతుంది, బాధ ఉండదు. అప్పటి నుంచి చారుకు వెల్లుల్లి నూనె పోపు. అత్తయ్యకు వాసన దక్కింది, నాకు సాయంత్రం దక్కింది. ఇంగువ డబ్బా మీద గోధుమ పిండి అని చదివి ఒక పూట గొడవ చేశాను కానీ, చిటికెడు ఇంగువలో ఉండే పిండి లెక్కలోకి రాదని తర్వాత తెలిసింది.

పరీక్షల్లో తేలినవి ఇవి, నా కడుపు వరకే. ఉల్లిపాయ కూరలో రెండు చెంచాలదాకా పడుతుంది, పచ్చిది పెసరట్టు మీద చల్లితే పడదు. గోధుమలో ఒక చపాతీ ఫరవాలేదు, మూడు తింటే మర్నాడు మధ్యాహ్నానికి తెలుస్తుంది. "రాత్రి అన్నం మానేసి చపాతీ తినండి" అని నాకు సలహా ఇచ్చినవాళ్లందరినీ ఆ రోజు తలచుకున్నాను. ముద్దపప్పు గరిటెడు సరే. శనగపిండి మాత్రం అసలు పడదు. బీచ్ రోడ్డులో మిరపకాయ బజ్జీ ముందు నిలబడి మరమరాల మురీ మిక్స్చర్‌తో సరిపెట్టుకుంటున్నాను, అదీ ఉల్లిపాయ వద్దని రెండుసార్లు చెప్పి. పాలు, పెరుగు పూర్తి నిర్దోషులు. ఏడాదిపాటు పాలు లేని టీ తాగింది ఎందుకో ఇప్పటికీ ఉక్రోషమే.

మామిడిపండు దగ్గరే లెక్క తిరగబడింది. 2024 మేలో మూడు రోజులు బంగినపల్లి పరీక్ష. మూడు రోజులూ రాత్రి గ్యాస్, మూడు రోజులూ ఉదయం మలం అంకె 4. దాన్ని నేరస్థుల జాబితాలో రాయాలా, మందుల జాబితాలో రాయాలా? మామిడిలో అదనంగా ఉండే ఫ్రక్టోజ్ అనే చక్కెర పేగులోకి నీటిని లాగుతుంది, పులిసి గ్యాసూ చేస్తుంది. ఒక్క పండు రెండు పనులూ చేసింది. మలబద్ధకం ఉన్నవాళ్లు 'పడనిది' అనే ఒక్క మాటతో సరిపెట్టుకోకూడదు. ఉబ్బరం తెచ్చేవి వేరు, బిగించేవి వేరు, కొన్ని ఉబ్బరం తెస్తూనే కదిలిస్తాయి. నా పుస్తకంలో ఇప్పుడు రెండు రంగుల చుక్కలు. మామిడి ముందు రెండూ ఉన్నాయి, వేసవిలో సగం పండు తింటాను, రాత్రి మాత్రం తినను.

ఇంత చేశాక అసలు దొంగ దొరికింది, అది తిండి కాదు. 2024 సెప్టెంబరులో రెండో పుస్తకం మొత్తం తిరగేశాను. ఆదివారాల్లో, పండుగ సెలవుల్లో మలం అంకె 4. సోమవారం నుంచి శనివారం దాకా 1, 2, లేదా గడి ఖాళీ. తిన్నది మాత్రం సెలవు రోజుల్లోనూ పని రోజుల్లోనూ దాదాపు ఒకటే. ఏడుంబావు బస్సు కోసం ఉదయం కాఫీ నిలబడి తాగేసి, వచ్చిన విరేచనాన్ని ఆపుకుని బయలుదేరడం ఎన్నేళ్ల అలవాటో. కడుపులో ఏదైనా పడగానే పెద్దపేగు కదులుతుంది, ఉదయం ఆ కదలిక బలంగా ఉంటుంది. దాన్ని రోజూ వెనక్కి నెడితే పిలవడం తగ్గిస్తుంది. ఇప్పుడు అయిదుంబావుకే లేచి, వేడి నీళ్లు, కాఫీ, తర్వాత ఇరవై నిమిషాలు ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చోవడం, కాళ్ల కింద చిన్న పీట. సింహాచలం గిరిప్రదక్షిణలో ముప్పై రెండు కిలోమీటర్లు నడిచిన మర్నాడు డైరీలో 4 పక్కన మూడు నక్షత్రాలు పెట్టుకున్నాను. కానీ రోజూ కొండ చుట్టూ తిరగలేం కదా, సాయంత్రం బీచ్ రోడ్డులో అరగంట చాలు.

తిండి డైరీకి అయిదుకు మూడున్నర ఇస్తాను. ఒకటిన్నర తగ్గించింది మొదటి అయిదు నెలలకు, నాలుగు కిలోలకు, అన్నం మీద వేసిన ఎర్రచుక్కకు. తిండంటే ముందే భయం ఉన్నవాళ్లకు, తిన్న ప్రతి ముద్దనూ లెక్కపెట్టే స్వభావం ఉన్నవాళ్లకు దీన్ని సిఫారసు చేయను, వాళ్ల భయాన్ని ఇది పెంచుతుంది. మొదలుపెట్టేవాళ్లు మలం అంకె, మాత్రలు, నిద్ర లేచిన వేళ, ఈ మూడు గడులు ముందు గీసుకోండి. తిన్నది నాలుగో గడిలో రాయండి.

పనసపొట్టు కూర ఇంకా పరీక్షించలేదు. ఆవపెట్టి వండుతానని అత్తయ్య అంటున్నారు. వచ్చే సోమవారం కాలేజీలో నాకు మొదటి క్లాసు లేదు, కాబట్టి ఆదివారమే ఖాయం చేశాం.